బండి వాకిట్లోకి వచ్చినప్పుడు



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్న మూడు ఊళ్లు. ఒక ఊళ్లో చింతపండు మండీ, పట్టుగూళ్ల మార్కెట్. ఇంకో ఊళ్లో కొండ మీద కోట, ఆ మండలంలోనే ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ. మూడో ఊళ్లో వీధి వీధినా మగ్గాల చప్పుడు. బతుకుతెరువులు వేరు కాబట్టి ఇళ్లలో పెరిగే జీవాలూ, వాటికొచ్చే కష్టాలూ కూడా కొంత వేరుగానే ఉంటాయి. నేను పశుసంవర్ధక డిప్లొమా చదివి ఈ మూడు ఊళ్ల చుట్టూ పనిచేస్తున్న పారావెట్‌ని. మొదట 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే పశువైద్య బండిలో చేశాను. ఇప్పుడు ఇళ్లకే వెళ్లి కుక్కలనూ పిల్లులనూ చూసే ఒక డాక్టరుగారి వెంట వ్యానులో తిరుగుతున్నాను. ఈ పని ఎలా జరుగుతుందో, మీ వాకిట్లోకి మేం వచ్చినప్పుడు మీ దగ్గర్నుంచి మాకు ఏం కావాలో చెప్పాలని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

డాక్టరు సూది వేస్తుంటే కుక్కను కదలకుండా పట్టుకునే మనిషి పారావెట్ అని చాలామంది అనుకుంటారు. పట్టుకోవడం నిజమే, అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది కూడా. అయితే జీవం తన బాధ చెప్పుకోలేదు. డాక్టరుగారికి ఆధారం రెండే: దాని ఒళ్లు చెప్పేది, ఇంట్లోవాళ్లు చెప్పేది. మొదటిది కొలిచి రాయడం, రెండోది ఓపిగ్గా రాబట్టడం నా పని. కొలవడం సులువు. రాబట్టడమే కష్టం.

ముందు 1962 సంగతి. మన రాష్ట్రంలో 2022 మే 19న అసెంబ్లీ నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. 2023 జనవరిలో మరో 165 వచ్చాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ నియోజకవర్గ కేంద్రాలే కాబట్టి తొలి విడతలోనే ఇటువైపు బండ్లు తిరిగాయి. పక్కన తెలంగాణలో 2017లోనే ఇలాంటివి వచ్చాయి. బండికి ఒక డాక్టరు, ఒక పారావెట్, ఒక డ్రైవరు. లోపల పేడనూ రక్తాన్నీ పరీక్షించే చిన్న ల్యాబు, మైక్రోస్కోపు, లేవలేని ఆవునో గేదెనో పైకెత్తడానికి హైడ్రాలిక్ లిఫ్టు ఉంటాయి. 1962కు ఫోను చేస్తే డబ్బు పడదు. అవి ముఖ్యంగా పాడిపశువుల కోసం, గొర్రెల కోసం వచ్చిన బండ్లు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మన రాష్ట్రానిదే, 2019 పశుగణనలో కోటీ 76 లక్షలు. వర్షం తక్కువైన మన సీమలో పంట పోయిన ఏడు ఇల్లు నడిపేది ఆ గొర్రె. అందుకే ఆ బండి విలువ ఏమిటో ఇక్కడి రైతుకు ఎవరూ వివరించక్కర్లేదు.

నా చదువు పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా. దానికి చట్టం గీసిన గీత ఒకటుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం టీకా వేయడం, గాయానికి కట్టు కట్టడం, వట్టలు కొట్టడం లాంటి ప్రాథమిక చికిత్సలు మాలాంటివాళ్లు చేయవచ్చు. అదీ నమోదైన పశువైద్యుడి పర్యవేక్షణలోనే. జబ్బును నిర్ధారించి మందు రాయడం డాక్టరు పని. "ఏమ్మా, నువ్వే ఒక సూది వేసిపోరాదా, డాక్టరు ఎందుకు" అని దారిలో ఆపి అడుగుతుంటారు. అలా వేయకూడదు. ఆ గీత జీవాన్ని కాపాడటానికే ఉందని నేను మనసారా నమ్ముతాను.

ఇక ఇంటికి వెళ్లినప్పుడు ఏం చేస్తామో చెబుతాను. గేటు దగ్గరే కాసేపు నిలబడతాను. కుక్క పడుకుని ఉంటే దాని డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో చూస్తాను. విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. మేం దగ్గరికి వెళ్లి ముట్టుకున్నామంటే ఆ లెక్క తప్పిపోతుంది. ఆసుపత్రి బల్ల మీద వణికే కుక్కకు ఊపిరి, గుండె, వేడి అన్నీ పెరుగుతాయి. పిల్లి అయితే చెప్పనే అక్కర్లేదు. తన ఇంట్లో, తన గోనెపట్టా మీద ఉన్నప్పుడే దాని అసలు స్థితి కనబడుతుంది. ఇంటికి వెళ్లి చూడటంలో ఉన్న పెద్ద లాభం ఇదే. దూరం తగ్గడం, ఖర్చు తగ్గడం దాని తర్వాతి సంగతులు.

ఆ తర్వాత పళ్ల చిగుళ్ల రంగు చూస్తాను. పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టు. మన దగ్గర పిడుదులు ఎక్కువ, అవి తెచ్చే జ్వరాలూ ఎక్కువే కాబట్టి చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతుకుతాను. వేడి చూస్తాను. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. మనిషి లెక్కన చూసి జ్వరం అనుకుని మాత్ర వేసేవాళ్లున్నారు. కరుస్తుందనిపిస్తే మెత్తటి గుడ్డ పట్టీతో మూతి కట్టి, ముడి చెవుల వెనక వేస్తాను. పగ్ లాంటి పొట్టి మూతి కుక్కకు అలా కట్టకూడదు, ఊపిరాడదు. దానికి మెడ చుట్టూ తువ్వాలు చుట్టి పట్టుకోవాలి. ఇంటి యజమాని బలంగా అదిమి పట్టుకుంటే కుక్క మరింత భయపడుతుంది. వాళ్లను దాని తల దగ్గర కూర్చుని రోజూ మాట్లాడే మాటలే మాట్లాడమంటాను. సగం పని అక్కడే అయిపోతుంది.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇళ్లలో పిల్లులు కనిపిస్తాయి. పట్టు దారాన్ని ఎలుక కొరికితే నష్టం ఎంతో నేతగాడికి తెలుసు. ఆ పిల్లికి ఆ దారంతోనే ఒక ప్రమాదం ఉంది. దాని నాలుక గరుకుగా, వెనక్కి తిరిగిన ముళ్లతో ఉంటుంది. నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మేయడం దానికి చేతకాదు, మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుని ఆగిపోతే, మిగతాది పేగుల్లోకి దిగి, పేగు కదిలినప్పుడల్లా బిగుసుకుని, చివరికి పేగును కోస్తుంది. ఇంట్లోవాళ్లు చెప్పేది మాత్రం "రెండు దినాల నుంచి కూడు ముట్టలేదు, కక్కుకుంటాంది" అని. ఇలాంటి పిల్లిని చూడగానే నేను మొదట చేసేది దాని నోరు తెరిచి, గడ్డం కింద నుంచి వేలితో నొక్కి, నాలుకను పైకెత్తి కింద చూడటం. దారం కనబడితే దాన్ని లాగకూడదు. వెనక నుంచి వేలాడుతున్నా లాగకూడదు. లాగితే పేగు చిరుగుతుంది. దానికి ఆపరేషనే దారి. బండిలో అయ్యే పని కాదు, పెద్ద ఆసుపత్రికి పంపాల్సిందే. నేతన్నలకు నా మనవి ఒక్కటే. తెగిన పోగులు నేల మీద వదలకుండా మూత ఉన్న డబ్బాలో వేయండి. పిల్లి తిండి మానేస్తే, ఇంట్లో దారం పని ఉందని మాకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఒక రోజు ఆదా అవుతుంది, ఆ ఒక్క రోజులోనే ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది.

నోటి మాట వచ్చింది కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక్కడే చెబుతాను. "మా కుక్క గొంతులో ఎముక ఇరుక్కుంది, చొంగ కారుతోంది, నీళ్లు మింగలేకపోతోంది. తొందరగా రండి" అని ఫోను వస్తుంది. ఆవు విషయంలోనూ ఇలాగే: "గొంతులో ఏదో అడ్డం పడింది, చెయ్యి పెట్టి చూసినా ఏమీ దొరకలేదు." ఇది నిజంగా ఎముకే కావచ్చు. రేబిస్ కూడా కావచ్చు. రేబిస్ వచ్చిన ప్రతి కుక్కా వీధుల్లో పడి కరుస్తూ తిరగదు. కొన్ని దవడ జారిపోయి, గొంతు పడిపోయి, అరుపు మారిపోయి, ఒక మూల చీకట్లో పడి ఉంటాయి. ఆ సమయంలో ప్రేమతో నోట్లో చెయ్యి పెట్టినవాళ్ల చేతికి చిన్న గీత ఉన్నా చాలు, చొంగలోంచి వైరస్ ఒంట్లోకి పోతుంది. అందుకే అలాంటి ఫోను వస్తే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. దీనికి టీకా ఎప్పుడు వేయించారు? గడిచిన కొన్ని నెలల్లో వేరే కుక్క ఏదైనా దీన్ని కరిచిందా, ఇది ఎవరినైనా కరిచిందా? ఇప్పటిదాకా దీని నోట్లో ఎవరెవరు చెయ్యి పెట్టారు?

కొన్ని నెలలు అనడానికి కారణం ఉంది. కాటుకూ జబ్బు బయటపడటానికీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. అప్పటికి ఇంట్లోవాళ్లు కాటు సంగతి మరిచిపోయి ఉంటారు. పిల్లలకు మాత్రం గుర్తుంటుంది. అందుకని పెద్దవాళ్లు "ఏమీ లేదమ్మా" అన్నాక కూడా పిల్లలను పక్కకు పిలిచి మళ్లీ అడుగుతాను. "ఉగాదప్పుడు సందులో కొట్లాడింది కదక్కా" అని వాళ్లే చెబుతారు. ప్రపంచంలో రేబిస్‌తో పోయే ప్రాణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు మొదలయ్యాక మనిషినైనా పశువునైనా నిలబెట్టే మందు లేదు. లక్షణాలు రాకముందైతే పూర్తిగా ఆపే టీకా ఉంది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను లేకుండా చేయాలని 2021లో కేంద్రం జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అది ఢిల్లీలో తీరే పని కాదు, మన వాకిట్లో తీరాలి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. కాటు పడినా గీరుకున్నా సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసరు పూయొద్దు, కారం పెట్టొద్దు, సున్నం రాయొద్దు. నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, వాళ్లిచ్చిన తేదీల్లో ఒక్కటీ తప్పకుండా సూదులు వేయించుకోండి.

ఇప్పుడు పెనుకొండ వైపు మందల దగ్గరికి వస్తాను. ఇది నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే కుక్కకూ గొర్రెకూ ఉన్న ఒక చుట్టరికం గురించి ఇక్కడివాళ్లకే సరిగా చెప్పలేకపోయాం అనిపిస్తుంది. గొర్రె ఒకటి మంద విడిచి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. తల ఒక పక్కకు వాలుస్తుంది. కన్ను కనబడనట్టు గోడకు కొట్టుకుంటుంది. కాపరి దేవరకు మొక్కుకుంటాడు, నాటు వైద్యం చేయిస్తాడు, చివరికి ఇక లాభం లేదని కోస్తాడు. దాని మెదడులో నీటిబుడగ లాంటి తిత్తి ఉంటుంది. ఆ తిత్తి ఒక బద్దెపురుగు పిల్లదశ. ఆ పురుగు పెద్దదై బతికేది కుక్క పేగుల్లో. కుక్క విసర్జించినప్పుడు గుడ్లు గడ్డిలో పడతాయి, ఆ గడ్డిని గొర్రె మేస్తుంది, గుడ్డులోంచి వచ్చిన పిల్ల రక్తంలో ప్రయాణించి మెదడుకు చేరి నెలల తరబడి పెరుగుతుంది. చివరికి గొర్రెను కోసినప్పుడు తలకాయ ఎవరికి వేస్తారు? కాపలా కుక్కకే. అలా పురుగు మళ్లీ సొంత ఇంటికి చేరుతుంది.

మంద దగ్గర ఒక పెద్దాయనకు ఇది చెబితే చాలాసేపు ఆలోచించి, "అట్లయితే కుక్కకు నట్టల మందు పోస్తే గొర్రెకు నయమవుతాదా?" అని అడిగాడు. ఇప్పటికే తిరుగుతున్న గొర్రెకు కాదు, వచ్చే ఏటి గొర్రెకు అవుతుంది. ఆయన ప్రశ్నలో పశువైద్య శాస్త్రమంతా ఉంది. మా డాక్టరుగారు మంద కుక్కలకు మూడు నెలలకోసారి బద్దెపురుగుల మందు ఇవ్వమంటారు. కోసిన గొర్రె తలను, తిత్తులున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు పచ్చిగా వేయకుండా లోతుగా పూడ్చండి, లేదా బాగా ఉడికించి వేయండి. ఇదే కుటుంబానికి చెందిన మరో పురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే కాలేయంలో తిత్తులు కడతాయి, వాటికి ఆపరేషన్ దాకా వెళ్లాల్సి వస్తుంది. కుక్కతో ఆడిన పిల్లలకు అన్నం ముందు చేతులు కడిగించండి. గొర్రెలకు చిటుకు రోగం టీకా వానలకు ముందే వేయించే జాగ్రత్త మన కాపరులకు ఉంది. పక్కనే నడిచే కుక్కను మాత్రం లెక్కలోకి తీసుకోరు. మంద టీకాల జాబితాలో ఆ కుక్క పేరు కూడా రాయాలని నా అభిప్రాయం.

హిందూపురం బెంగళూరుకు దగ్గర. అక్కడి నుంచి జాతి కుక్కలు వస్తాయి, వాటితోపాటు ఫోన్లో చూసిన వైద్యాలూ వస్తాయి. ఈ ఊళ్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది మెడికల్ షాపు మాత్ర. పిల్లికి పారాసెటమాల్ విషం. సగం మాత్ర చాలు, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు మారతాయి. కుక్కకు ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కూడా కుక్కకు పెట్టకూడదు. మన జిల్లాల్లో ద్రాక్ష తోటలున్నాయి, రాలిన పండు పెట్టడం ముద్దుగా ఉంటుంది, అయినా వద్దు. ఇంట్లోవాళ్లు ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు. చేశాక మేం వచ్చి అడిగితే, తిడతామేమోనని "ఏమీ పెట్టలేదప్పా" అంటారు. అక్కడే వైద్యం దారి తప్పుతుంది. పారాసెటమాల్ వేశారని తెలిస్తే దానికి విరుగుడు ఉంది, గంటల్లో ఇవ్వాలి. తెలియకపోతే డాక్టరు వేరే జబ్బు కోసం వెతుకుతూ ఆ గంటలు పోగొట్టుకుంటారు. పొలం మందు నాకిందేమోనన్న అనుమానం ఉన్నా అంతే, సీసానో పొట్లమో తెచ్చి చూపించండి. మేం తిట్టం. ఏ ఇంట్లో ఎవరిని తిట్టినా ఇంకో ఇంట్లో నిజం చెప్పరని మాకు తెలుసు.

ఎండ గురించి ఒక మాట. ధర్మవరం వేసవిలో హస్కీని పెంచడం తప్పు. మంచు దేశంలో బండి లాగడానికి పుట్టిన జీవానికి ఈ ఎండ ప్రతి రోజూ శిక్షే. కూలర్ పెట్టాం అంటారు, కరెంటు పోతే ఏం చేస్తారు? పెంచాలనే ఉంటే మన నాటు కుక్కపిల్ల కన్నా ఈ నేలకు సరిపోయే కుక్క లేదు. చురుకు, నమ్మకం, తక్కువ జబ్బులు. ఏ కుక్కయినా ఎండదెబ్బ తగిలి రొప్పుతూ పడిపోతే నీడకు చేర్చి మామూలు చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగలనివ్వండి, ఆ తర్వాత ఫోను చేయండి. నోటితో రొప్పుతున్న పిల్లి కనబడితే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగొద్దు, పిల్లి ఊరికే అలా రొప్పదు.

బ్రిటన్‌లో పశువైద్య నర్సులకు శిక్షణ 1961లోనే మొదలైంది. అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్ అంటే పరీక్ష రాసి అర్హత పొందే వృత్తి. మన దగ్గర డిప్లొమాలు ఉన్నాయి, పాడిపశువుల పనిలో మంచి అనుభవమూ ఉంది. కుక్కనూ పిల్లినీ చూసే పనికి ప్రత్యేకమైన శిక్షణ చాలా తక్కువ. మత్తు ఇచ్చిన జీవాన్ని కనిపెట్టుకుని ఉండటం, సెలైన్ లెక్క, పళ్ల శుభ్రత లాంటివి డాక్టరు పక్కన నిలబడి ఏళ్ల మీద నేర్చుకోవాల్సి వస్తోంది. పాలిటెక్నిక్‌లలో ఆరు నెలల పెంపుడు జంతువుల కోర్సు ఒకటి పెడితే ఈ మూడు ఊళ్లలోనే ఎందరికో ఉపాధి దొరుకుతుంది. ఆడపిల్లలు ఈ పనిలోకి రావాలని గట్టిగా కోరుకుంటాను. మనం వంటింటి గడప దాకా వెళ్లి కూర్చోగలం. కుక్కకు రోజూ అన్నం పెట్టే అమ్మ మనతో మాట్లాడుతుంది. ఆమెకు తెలిసినంత ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

వినేవాళ్లలో జీవాలు పెంచేవాళ్లకు చివరిగా చెప్పేది ఇది. ఫోను చేసేటప్పుడు మీ జీవం వయసు, ఎన్నాళ్ల నుంచి బాగాలేదు, చివరిగా ఎప్పుడు తిన్నది, ఎప్పుడు నీళ్లు తాగింది చెప్పండి. మేం వచ్చేలోపు దాన్ని కట్టేసి లేదా ఒక గదిలో ఉంచండి, మిద్దె మీద వెతుక్కోవడంలో కాలం పోకూడదు. కక్కింది, విసర్జించింది కడిగేయకుండా కొంచెం ఉంచండి. టీకా కార్డు చేతికందేలా పెట్టండి. మేం టీకా తెస్తే అది మంచు పెట్టెలోంచి తీశామో లేదో మీరూ అడగండి, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో లేని టీకా వేయించుకున్నా వేయించుకోనట్టే. పశువులకూ గొర్రెలకూ 1962 ఉంది, కుక్కలకూ పిల్లులకూ మీ దగ్గరి పశువైద్యశాల నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. దానికి ఏం పెట్టారో, ఏం పూశారో, ఏ మాత్ర వేశారో దాచకుండా చెప్పండి.